మళ్లీ రాస్తే... పాత మార్కు పోతుందా?

మన దగ్గర నీట్ రెండోసారి రాస్తే నిరుటి మార్కుల ఊసు ఎవరూ ఎత్తరు. అమెరికాలో డెంటల్ సీటు కోసం రాసే ‘డ్యాట్’ సంగతి వేరు. ఎన్నిసార్లు రాసినా పాత మార్కు ఎక్కడికీ పోదు, కొత్త మార్కు పక్కనే కూర్చుంటుంది. మరి ఆ రెంటిలో కాలేజీ దేన్ని లెక్కలోకి తీసుకుంటుంది? అమెరికాలో స్థిరపడిన తెలుగువారి ఇళ్లలో పిల్లల చదువుల దగ్గర తరచూ వినిపించే ప్రశ్న ఇది. జవాబు మాత్రం ఒక్కటి కాదు!

‘లాంగ్ టర్మ్’ అంటే ఏమిటో తెలియని తెలుగు ఇల్లు అరుదు. ఇంటర్ అయిపోతుంది. సీటు రాదు. మళ్లీ ఏడాదిపాటు హాస్టలు, తెల్లవారుజాము స్టడీ అవర్లు, ఆదివారం పరీక్షలు. ఆ తర్వాత మళ్లీ నీట్. అదీ కాకపోతే మరో ఏడాది. ఎన్నిసార్లు రాయాలన్న దానికి పరిమితి లేదు. వయసుకు ఉన్న పైహద్దును కూడా 2022లో ఎత్తేశారు. పైగా ఎంబీబీఎస్‌కైనా బీడీఎస్‌కైనా ఆ ఏడాది మార్కే ఆ ఏడాది కౌన్సెలింగ్‌కు చెల్లుతుంది. మొదటిసారి 300 వచ్చినా రెండోసారి 550 వస్తే, ఆ 300 గురించి అడిగేవాళ్లే ఉండరు. పలక తుడిచి కొత్తగా రాసినట్టే!

ఈ అలవాటుతోనే పెరిగిన తల్లిదండ్రులు న్యూజెర్సీలోనో టెక్సస్‌లోనో పిల్లల్ని డెంటల్ కాలేజీకి పంపాలనుకున్నప్పుడు ఒకచోట తడబడతారు. ‘మార్కులు తగ్గాయా... అయితే ఏం, మళ్లీ రాస్తే సరి’ అనేస్తారు. పలక తుడిచే వీలు అక్కడ లేదని తెలిసేసరికి కొన్నిసార్లు ఆలస్యమైపోతుంది.

సుద్దముక్క చెక్కిన రోజులు
డ్యాట్ అంటే డెంటల్ అడ్మిషన్ టెస్ట్. అమెరికన్ డెంటల్ అసోసియేషన్ దీన్ని నడుపుతుంది. 1950 నుంచి దేశమంతటా అమల్లో ఉంది. 1970ల తొలి ఏళ్ల వరకూ ఇందులో ఓ వింత విభాగం ఉండేది. అభ్యర్థి చేతికి సుద్దముక్క, చిన్న కత్తి ఇచ్చి, ఫలానా ఆకారంలో చెక్కమనేవారు. పన్ను చెక్కే చేతికి ఒడుపు ఉందో లేదో చూడటానికన్నమాట. పొరుగున ఉన్న కెనడా సుద్దకు బదులు సబ్బు పెట్టి ఆ పద్ధతిని ఇంకా చాలా ఏళ్లు కొనసాగించింది. అమెరికాలో దాని స్థానంలోకి బొమ్మల ప్రశ్నలు వచ్చాయి. కోణాల్లో ఏది పెద్దది, మడిచి చిల్లులు పెట్టిన కాగితం విప్పితే చిల్లులు ఎక్కడెక్కడ ఉంటాయి, ఈ వస్తువు ఏ రంధ్రంలోంచి దూరుతుంది... ఇలాంటివి 90 ప్రశ్నలు. వ్యవధి గంట.

మిగతాది మనకు తెలిసిన బాణీలోనే ఉంటుంది. జీవశాస్త్రం 40 ప్రశ్నలు, జనరల్ కెమిస్ట్రీ 30, ఆర్గానిక్ కెమిస్ట్రీ 30, ఇవన్నీ కలిపి గంటన్నర. చదివి అర్థం చేసుకునే విభాగంలో 50 ప్రశ్నలు, లెక్కల్లో 40. అంతా కలిపితే 280 ప్రశ్నలు, నాలుగుంబావు గంటలు. ఏడాదికి ఒక్కరోజే జరిగే పరీక్ష కాదిది. కంప్యూటర్ కేంద్రాల్లో ఏడాది పొడవునా జరుగుతూనే ఉంటుంది. అభ్యర్థి తనకు వీలైన తేదీ ఎంచుకుని, డబ్బు కట్టి వెళ్లి రాసుకోవచ్చు. ఆ ఫీజు ఇప్పుడు 500 డాలర్లు దాటింది.

తేదీ మన చేతిలో ఉంది కదా అని మర్నాడే మళ్లీ రాస్తామంటే కుదరదు. ఒకసారికీ మరోసారికీ మధ్య కనీసం 60 రోజులు ఆగాలి. ఇంతకుముందు ఇది 90 రోజులుండేది. మూడుసార్లు రాశాక నిబంధనలు ఇంకా బిగుసుకుంటాయి. ఇక అసలు సంగతి... కాలేజీకి వెళ్లే మార్కుల నివేదికలో తాజా మార్కులతోపాటు అంతకుముందు రాసినవీ కనిపిస్తాయి. నచ్చింది పంపి, నచ్చనిది దాచుకుందామంటే కుదరదు.

ఒకే అమ్మాయి... నాలుగు లెక్కలు
అమెరికాలో డెంటల్ కాలేజీలు డెబ్బైకి పైగా ఉన్నాయి. రెండుసార్లు రాసినవాళ్ల మార్కుల్ని ఎలా చూడాలన్నది ఏ కాలేజీకి ఆ కాలేజీయే నిర్ణయించుకుంటుంది. అమెరికన్ డెంటల్ ఎడ్యుకేషన్ అసోసియేషన్ ఏళ్ల తరబడి అచ్చు వేసిన గైడ్‌లో ప్రతి కాలేజీ వివరాల మధ్యా ఒక చిన్న పంక్తి ఉండేది. ఒకటి కంటే ఎక్కువ డ్యాట్ మార్కులుంటే దేన్ని చూస్తారన్నదే ఆ పంక్తి. దాని ఎదురుగా కొన్ని కాలేజీలకు ‘అత్యధిక మార్కు’ అని, కొన్నింటికి ‘చివరిసారి వచ్చిన మార్కు’ అని, మరికొన్నింటికి ‘సగటు’ అని ఉండేది. చూడటానికి చిన్న పంక్తే. సీటును అటూ ఇటూ చేసేది కూడా అదే.

ఒక ఉదాహరణ చూద్దాం. డ్యాట్‌లో ఇప్పుడు ప్రతి విభాగానికీ 200 నుంచి 600 మధ్య మార్కు ఇస్తున్నారు. ఓ అమ్మాయికి మొదటిసారి జీవశాస్త్రంలో 360, జనరల్ కెమిస్ట్రీలో 400, ఆర్గానిక్‌లో 350, చదివే విభాగంలో 450, లెక్కల్లో 390 వచ్చాయనుకుందాం. ఈ అయిదింటి సగటునే ‘అకడమిక్ యావరేజ్’ అంటారు. అది 390. బొమ్మల విభాగం ఈ సగటులో కలవదు, దాని మార్కు విడిగా ఉంటుంది. అందులో ఆమెకు 430.

మూడు నెలలు కష్టపడి మళ్లీ రాసింది. సైన్సు మీదే దృష్టి పెట్టింది కాబట్టి అవి బాగా పెరిగాయి. జీవశాస్త్రం 430, జనరల్ కెమిస్ట్రీ 420, ఆర్గానిక్ 430. లెక్కలు 400. చదివే విభాగం మాత్రం 420కి తగ్గింది. సగటు 420. మొదటిసారి బాగానే వచ్చాయి కదా అని బొమ్మల ప్రశ్నల జోలికి పెద్దగా పోలేదు. దాంతో అది 400కి దిగింది.

ఇప్పుడు ఆమె మార్కు ఎంత? చివరి మార్కు చూసే కాలేజీలో సగటు 420, బొమ్మల్లో 400. రెండింటి సగటు తీసే కాలేజీలో 405, 415. ఎక్కువ వచ్చిన పరీక్షను తీసుకునే చోట 420. ఆ పరీక్షలో వచ్చిన 400 కూడా దాని వెంటే వస్తుంది. ఎక్కడైనా ఒక్కో విభాగంలో మెరుగైన మార్కునే ఏరి కూర్చి చూశారనుకోండి, అయిదింటి సగటు 426 అవుతుంది. బొమ్మల్లో పాత 430 కూడా దక్కుతుంది. అమ్మాయి ఒక్కతే, రాసిన పరీక్షలు రెండే, చేతికొచ్చేవి మూడు రకాల ఫలితాలు!

‘అత్యధిక మార్కు’ అన్న మాటలోనే ఓ మెలిక ఉందని ఇక్కడ తెలుస్తోంది. అత్యధికం అంటే ఒకరోజు రాసిన పరీక్ష మొత్తమా, లేక విభాగాలవారీగా ఏరినదా? ఈ ఒక్క ముక్క కాలేజీని అడిగి తెలుసుకోకుండా చాలామంది తమకు అనుకూలంగా అర్థం చెప్పేసుకుంటారు.

ఎవరి న్యాయం వారిది
ఇంతకీ అందరూ ఒకే పద్ధతి ఎందుకు పెట్టుకోరు? ఎవరి వాదన వింటే వారిదే నిజమనిపిస్తుంది, అందుకు.

ఎక్కువ మార్కును చూసేవారి మాట ఇది: పరీక్ష రోజు జ్వరం రావచ్చు, రాత్రి నిద్ర పట్టకపోవచ్చు. ఒక చెడ్డరోజుకు జీవితకాలం శిక్ష వేయడం ఎందుకు? ఒక్కసారి అందుకున్నాడంటే ఆ స్థాయి అతనిలో ఉన్నట్టే కదా! వినడానికి ఉదారంగానే ఉంది. కానీ ఈ ఉదారతలో కాలేజీకీ కాస్త లాభముంది. కొత్త బ్యాచ్ సగటు డ్యాట్ మార్కు ఇంత అని కాలేజీలు చెప్పుకుంటాయి. ఎక్కువ మార్కులే లెక్కవేస్తే ఆ సగటు కూడా నిండుగా కనబడుతుంది. మరో చిక్కు, ప్రతిసారీ 500 డాలర్లకు పైగా పోయగలిగిన ఇంటి పిల్లలకే ఈ పద్ధతి ఎక్కువ కలిసొస్తుంది.

చివరి మార్కును చూసేవారిది ముక్కుసూటి వ్యవహారం. రేపు క్లాసులో కూర్చునేది ఇవాళ్టి విద్యార్థి, రెండేళ్ల కిందటి విద్యార్థి కాదు. కాబట్టి ఇవాళ ఎంత తెలుసో అదే కావాలి. ఈ పద్ధతిలో జూదం పాలు కూడా ఉంది. మార్కు తగ్గితే తగ్గిందే లెక్క. మంచి మార్కు చేతిలో ఉండగా ‘ఇంకాస్త’ కోసం వెళ్లేవాళ్లు ఈ కాలేజీల దగ్గరే దెబ్బతింటారు.

సగటు తీసేవాళ్లు పైకి కఠినంగా కనిపిస్తారు. నిజానికి గణితం వాళ్ల వైపే ఉంది, కాకపోతే ఒక షరతు మీద. ఏ పరీక్ష మార్కులోనైనా కొంత అదృష్టం కలిసి ఉంటుంది. తెలిసిన ప్రశ్నలు రావడం, ఊహించి పెట్టిన జవాబులు కుదరడం లాంటివి. విద్యార్థి తెలివితేటల్లో, ప్రిపరేషన్‌లో మార్పు లేనప్పుడు రెండు మార్కుల సగటే అతని అసలు స్థాయికి దగ్గరగా ఉంటుంది. కానీ మధ్యలో నిజంగా కష్టపడి నేర్చుకుని ఉంటే? అప్పుడు సగటు అన్యాయమే చేస్తుంది. పాత అజ్ఞానాన్ని కొత్త జ్ఞానంలోంచి తీసివేసినట్టవుతుంది.

ఫైలు తెరిచినప్పుడు...
నిబంధన ఏదైనా, ఫైలు చదివేది మనుషులే. లెక్కలోకి తీసుకునేది ఒక మార్కే అయినా కళ్లకు రెండూ కనబడతాయి. కనబడిన దాన్ని చూడనట్టు ఊరుకోవడం ఎవరికైనా కష్టమే. అందుకే మార్కు ఎంత అన్నదాని వెంటనే, అది ఎటు నడిచింది అన్న ప్రశ్న వస్తుంది.

మొదటిసారి తక్కువ, రెండోసారి స్పష్టంగా ఎక్కువ. ఇది మంచి కథ. తప్పెక్కడ జరిగిందో తెలుసుకుని దిద్దుకున్నాడని చెబుతుంది. ముఖ్యంగా మొదటిసారి బోర్లాపడిన సబ్జెక్టులోనే రెండోసారి పెరిగితే ఇంకేం కావాలి! డెంటల్ కాలేజీ మొదటి రెండేళ్లూ బండెడు సైన్సు చదవాలి. దిద్దుకునే గుణం ఉన్నవాడు అక్కడ నెగ్గుకొస్తాడు.

మూడుసార్లు రాసినా మార్కు అటూ ఇటూ పది ఇరవై దగ్గరే ఆడుతుంటే అది వేరే కథ. పెరిగిన పదిని చూసి ఇంట్లో మిఠాయిలు పంచుకోవచ్చు. డ్యాట్‌లో మార్కులు పదేసి చొప్పునే పెరుగుతాయి కాబట్టి పది అంటే ఒక్క మెట్టు. అంత చిన్న తేడా అదృష్టం వల్లనైనా రావచ్చని కమిటీలో కూర్చున్నవారికి తెలుసు. ఆ ఒక్క మెట్టు కోసం మరో రెండు నెలలు, మరో ఫీజు అవసరమా అన్నది ఎవరికి వారు వేసుకోవాల్సిన ప్రశ్న.

అన్నిటికంటే ఇబ్బంది తగ్గడం. ఉన్న మార్కు బాగానే ఉండి, ఇంటర్వ్యూ పిలుపులకు సరిపోయేలా ఉన్నా, స్నేహితుడికి ఇంకా ఎక్కువ వచ్చిందనో, నాన్నకు తృప్తి లేదనో మళ్లీ రాసి తగ్గించుకునేవాళ్లు ఉంటారు. ఎక్కువ మార్కు చూసే కాలేజీలో పెద్ద నష్టం లేకపోవచ్చు. మిగతా చోట్ల ఆ తగ్గుదలకు సంజాయిషీ చెప్పుకోవాలి.

ఇంటర్వ్యూ దాకా వెళితే ఓ ప్రశ్నకు సిద్ధపడి ఉండటం మంచిది. మొదటిసారికీ రెండోసారికీ మధ్య చదివే తీరులో ఏం మార్చుకున్నారు? ‘ఇంకా ఎక్కువ గంటలు చదివాను’ అన్నది జవాబే కానీ పస లేని జవాబు. ఆర్గానిక్‌లో ఏ చాప్టర్లు బలహీనమో గుర్తించి, వాటిని కాలేజీ ప్రొఫెసర్ దగ్గర కూర్చుని మళ్లీ నేర్చుకున్నాననో, టైమ్ పెట్టుకుని పాత ప్రశ్నలు చేశాననో చెప్పగలిగితే మాట నిలబడుతుంది.

డ్యాట్ ఒక్కటే సీటు తెచ్చిపెట్టదన్నది కూడా గుర్తుంచుకోవాలి. డిగ్రీలో గ్రేడ్లు, దంతవైద్యుల క్లినిక్‌లో గడిపిన గంటలు, ప్రొఫెసర్ల సిఫార్సు లేఖలు, సేవా కార్యక్రమాలు, ఇంటర్వ్యూ... అన్నీ కలిపే చూస్తారు. గ్రేడ్లలోనూ ఇదే సూత్రం. చాలా కాలేజీలకు ఉమ్మడిగా దరఖాస్తు చేసుకునే ‘ఆడ్‌సాస్’ విధానంలో ఒక కోర్సు తప్పి మళ్లీ చదివితే పాత గ్రేడూ కొత్త గ్రేడూ రెండూ సగటులోకి వస్తాయి. చదివిన కాలేజీ తన రికార్డులో పాత గ్రేడు కొట్టేసినా సరే, ఇక్కడ కొట్టేయరు. రెండోసారి రాసిన డ్యాట్‌ను కొన్ని కాలేజీలైనా మన్నిస్తాయి, ఈ లెక్క మాత్రం మన్నించదు.

క్యాలెండరూ ఓ మార్కే
మార్కుల లెక్కలో పడి చాలామంది మర్చిపోయేది తేదీల లెక్క. అమెరికా డెంటల్ కాలేజీల్లో చాలావాటి పద్ధతి ‘ముందొచ్చిన ఫైలు ముందు’. ఉమ్మడి దరఖాస్తు మే నెలలో తెరుచుకుంటుంది, జూన్ నుంచి సమర్పించవచ్చు. ఫైళ్లు చదవడం, ఇంటర్వ్యూలకు పిలవడం వేసవి నుంచే మొదలవుతుంది. డిసెంబరులో సీట్లు ఇవ్వడం ప్రారంభిస్తారు.

జులైలో మొదటిసారి రాసి, మార్కు నచ్చలేదనుకుందాం. 60 రోజుల నిబంధన ప్రకారం మళ్లీ రాయాలంటే సెప్టెంబరు. ఆ మార్కు కాలేజీకి చేరి, ఫైలు మళ్లీ చేతికి వచ్చేసరికి ఇంటర్వ్యూ పిలుపుల్లో చాలా భాగం అయిపోయి ఉంటుంది. ముప్ఫై మార్కులు పెరిగినా, రెండు నెలల ఆలస్యం ఆ లాభాన్ని మింగేయవచ్చు. అదే మార్చిలో మొదటిసారి రాసినవాళ్లకు జూన్‌లోపు రెండో అవకాశం సులువుగా ఉంటుంది. దరఖాస్తులో ‘ఫలానా తేదీన మళ్లీ రాయబోతున్నాను’ అని చెప్పుకునే వీలుంది. అయితే ఆ మార్కు వచ్చేదాకా కొన్ని కాలేజీలు ఫైలును పక్కన పెట్టి ఆగుతాయి, కొన్ని ఉన్న మార్కుతోనే ముందుకు వెళ్తాయి. ఎవరు ఎలా చేస్తారన్నది అడ్మిషన్ల విభాగానికి ఒక ఫోన్ చేసి కనుక్కోవడమే మేలు. కాలేజీల వివరాలు ‘డెంటల్ స్కూల్ ఎక్స్‌ప్లోరర్’లో దొరుకుతాయి. అయినా నిబంధనలు ఏడాదికేడాది మారుతుంటాయి కాబట్టి నిరుడు సీటు తెచ్చుకున్న సీనియర్ మాటనే వేదవాక్కుగా తీసుకోకూడదు.

అటువైపు కూడా ఓ గడువుంది. మరీ పాత మార్కును కాలేజీలు ఒప్పుకోవు. రెండు మూడేళ్లు దాటితే చాలా చోట్ల మళ్లీ రాయాల్సిందే. డిగ్రీ అయ్యాక ఉద్యోగంలో చేరి, తర్వాత మనసు మార్చుకుని వచ్చేవాళ్లకు ఈ చిక్కు ఎదురవుతుంది. మంచి మార్కే అయినా కాలం చెల్లిపోతుంది.

వీటికి తోడు 2025లో మరో తికమక వచ్చి పడింది. అప్పటిదాకా డ్యాట్ మార్కు 1 నుంచి 30 వరకూ ఉండేది. ఆ ఏడాది మార్చి 1 నుంచి 200-600 పద్ధతి మొదలైంది. పాత పద్ధతిలో ఒకసారి, కొత్త పద్ధతిలో ఒకసారి రాసినవాళ్ల మార్కుల్ని ఎలా పోల్చాలి? అందుకోసం అమెరికన్ డెంటల్ అసోసియేషన్ పోలిక పట్టికలు విడుదల చేసింది. పాత 19 కొత్త లెక్కలో ఎంతో ఆ పట్టికలోనే చూసుకోవాలి. ఇంట్లో కూర్చుని 30ని 600తో గుణించి భాగిస్తే వచ్చేది తప్పుడు సమాధానమే.

మన బీడీఎస్‌లది వేరే దారి
హైదరాబాద్‌లోనో విజయవాడలోనో బీడీఎస్ చేసి అమెరికా వెళ్లేవారికి డ్యాట్‌తో పనిలేదు. విదేశీ డిగ్రీ ఉన్నవారి కోసం అక్కడి కాలేజీలు నడిపే ‘అడ్వాన్స్‌డ్ స్టాండింగ్’ కోర్సులకు వాళ్లు దరఖాస్తు చేసుకుంటారు. దానికి ‘ఐఎన్‌బీడీఈ’ అనే బోర్డు పరీక్ష దారి చూపుతుంది. అందులో మార్కులుండవు, పాసా ఫెయిలా అన్నదే ఫలితం. పాసైనవారికి మార్కు పెంచుకోవడానికి మళ్లీ రాసే అవసరమూ లేదు, మామూలుగా ఆ వీలూ లేదు. తప్పినవారికి అయిదు ప్రయత్నాలు లేదా అయిదేళ్లు అనే హద్దు ఉంది.

మార్కులు లేకపోవడం హాయిగానే ఉంది కానీ, పాసైన వేలమందిలో ఎవర్ని ఎంచుకోవాలో కాలేజీలకు తోచదు. ఆ ఖాళీని పూరించడానికి 2016లో ‘ఏడ్యాట్’ అని మరో పరీక్ష పెట్టారు. దీనికి మార్కులున్నాయి, 200 నుంచి 800 దాకా. అన్ని కాలేజీలూ అడగవు. అడిగేచోట మాత్రం కథ మళ్లీ మొదటికొస్తుంది. ఒకసారి రాసిన మార్కు చాలా, మళ్లీ రాయాలా, రాస్తే ఏది చూస్తారు... బీడీఎస్ పట్టా చేతిలో పెట్టుకుని, ముప్ఫైకి దగ్గర పడిన వయసులో, డాలర్లు లెక్కపెట్టుకుంటూ వేసుకోవాల్సిన ప్రశ్నలు. దరఖాస్తుకు ముందే కాలేజీల జాబితా దగ్గర పెట్టుకుని, ఒక్కో కాలేజీ పేరు పక్కన ‘ఎక్కువది’, ‘చివరిది’, ‘సగటు’ అని రాసుకున్నవాళ్లకు ఈ లెక్క కొంత తేలికవుతుంది.